సర్క్యులర్ గారికి, త్రూ ప్రాపర్ ఛానెల్

మహారాజశ్రీ సర్క్యులర్ గారికి,

నాంపల్లిలోని ఓ సర్కారు ఆఫీసు, మూడో అంతస్తు సీనియర్ అసిస్టెంటు నమస్కరించి రాయునది.

మీరు మొన్న అందారు, ‘అత్యవసరం’ అన్న ఎర్రముద్రతో. పేషీలో పుట్టి, టపాలులో ఇన్వార్డు నంబరు వేయించుకుని, సూపరింటెండెంటు గారి బల్ల మీద శని, ఆదివారాలు విశ్రమించి నా సీటుకొచ్చేసరికి మీరడిగిన వివరాల గడువు దాటిపోయింది. కాగితాలు కంప్యూటర్లోనే కదిలే ఈ-ఆఫీస్ వచ్చాక మీకు మెట్లెక్కే శ్రమ తప్పింది. ఆగే చోట్లు మాత్రం అవే.

మా దగ్గర్నుంచి పైకి పోవాల్సినవైతే సాయంత్రం 4 గంటల్లోగా పోవాలి. ఏమీ లేకపోయినా ‘నిల్’ రిపోర్టు పంపాలి. మరి కిందికి? మా సెక్షన్‌ను వేరే అంతస్తుకు మారుస్తున్నారని మాకు చెప్పింది క్యాంటీన్ చాయ్ అన్న. ఎవరి సీటు ఏ కిటికీ పక్కన పడుతుందో కూడా చెప్పాడు. తర్వాతెప్పుడో మీరొచ్చి అదే చెప్పారు, కిటికీ సంగతి వదిలేసి.

ఆఫీసులో కబుర్లు అందే తీరుతో ఉద్యోగికి ఎంత తృప్తిగా ఉందో కొలవడానికి 1977లో డౌన్స్, హేజన్ అనే పరిశోధకులు ఎనిమిది అంశాలు తేల్చారు. పై అధికారి మన మాట వినడం, చేసిన పని ఎలా ఉందో చెప్పడం అందులో ఉన్నాయి. పక్క సీట్ల గుసగుసలకూ చోటిచ్చారు. ఆ సబ్జెక్టులో మేం ఫస్ట్ క్లాస్. మిగతా పేపర్లు మీ దగ్గరే ఆగిపోయాయి.

అన్నట్టు చాయ్ అన్న మాట ప్రతిసారీ నిజం కాదు. బదిలీల పుకారు లేచిందంటే సెక్షన్‌లో ఫైలు కదలదు, ఇంట్లో పిల్లల స్కూలు గొడవ మొదలవుతుంది. అలాంటప్పుడు ‘ఇంకా ఏమీ తేలలేదు’ అని రెండు ముక్కలతో వచ్చినా మీ కాళ్లు మొక్కుతాం.

నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్లకు కారణం చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనులో ఉంది. పౌరుడిగా పది రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఉద్యోగిగా అడిగితే ‘పైనుంచి ఆర్డరండీ’ అని అక్కడికక్కడే చెప్పేస్తారు. నేనే దరఖాస్తు పెడదామనుకున్నా. కానీ మా ఆఫీసులో ఆ జవాబులు రాసే సీటు నాదే.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూసే
సీనియర్ అసిస్టెంటు

ప్రతి: సూపరింటెండెంటు గారికి, సమాచార నిమిత్తం.
క్యాంటీన్‌కు పంపలేదు. అక్కడ ఇప్పటికే చదివేశారు.