ముందు ఆ తాడు వదలండి

(ఇంట్లో అందరూ పడుకోవాల్సిన వేళ. ఆయన లాప్‌టాప్ ముందు కూర్చుని ఎప్పట్నుంచో ఒకే ఫోటో చూస్తున్నాడు. ఆవిడ వెనకాల నిలబడి ఆయన్ని చూస్తోంది.)

ఆవిడ: పెళ్ళికి ముందు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు మీరు. ఎవరండీ ఆవిడ?

ఆయన: మనిషి కాదే, పడవ. తెరచాప పడవ. 30 అడుగులు. లోపల నలుగురు పడుకోవచ్చట, వంటగట్టు కూడా ఉంది. పాపం సగం ధరకే ఇచ్చేస్తున్నాడు.

ఆవిడ: ఇచ్చేవాడు కాదు పాపం, కొనేవాడు. అసలు మీకు పడవ నడపడం వచ్చా?

ఆయన: కొంటే అదే వస్తుంది. చేతిలో పడవ లేకుండా ఎవరైనా ఎలా నేర్చుకుంటారు?

ఆవిడ: గిటార్ కూడా అలాగే కొన్నారు. బీరువా వెనక అదే నేర్చుకుంటోంది పాపం, ఒంటరిగా.

ఆయన: జాషువా స్లోకమ్ పేరు విన్నావా? 1895లో ఒక్కడే బయల్దేరి 1898కల్లా భూమి చుట్టూ తిరిగొచ్చాడు, అలా ఒంటరిగా తిరిగిన మొదటి మనిషి ఆయనే. ఆయన పడవేమైనా కొత్తదా? ఎవరో ఊరికే ఇచ్చిన డొక్కు పడవ. తనే మళ్ళీ కట్టుకున్నాడు.

ఆవిడ: ఆయన కుర్రతనం నుంచీ ఓడల్లో తిరిగి కెప్టెన్ అయిన మనిషి. మీరు గోడకి మేకు కొట్టాలన్నా ఎవరినో పిలిపిస్తారు. పైగా 1909లో అదే పడవలో బయల్దేరి మళ్ళీ కనిపించలేదు. ఆ పేజీ చదవలేదా?

ఆయన: అది చివర్లో వస్తుంది. నేనింకా అక్కడిదాకా రాలేదు.

ఆవిడ: మనం కూడా అక్కడిదాకా వద్దు. సరే, ఎంత స్పీడు వెళ్తుందిది?

ఆయన: (ఉత్సాహంగా) ఇలాంటి పడవలకి ఒక హద్దుంటుంది. నీళ్ళకి తగిలే భాగం ఎంత పొడవుంటే దాన్ని బట్టి. స్పీడు పెరిగేకొద్దీ పడవ తను లేపిన అలలోనే తను ఇరుక్కుంటుంది, దాన్ని ఎక్కి అవతలికి పోలేదు. దీనికి గంటకి 12 కిలోమీటర్లు అనుకో.

ఆవిడ: పన్నెండా! పక్కింటి పిల్లాడు సైకిల్ మీద అంతకన్నా స్పీడుగా వెళ్తాడు. వాడికి ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదు.

ఆయన: ఇన్సూరెన్స్ సంగతి నీకెవరు చెప్పారు?

ఆవిడ: మీరు నిద్రపోయాక ఆ లాప్‌టాప్ ఖాళీగానే ఉంటుంది కదా. పడవ ధర అసలు ఖర్చే కాదట. కట్టేసుకోవడానికి చోటు కావాలి, దానికి అద్దె. అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా దాదాపు ఏటా వేరే రంగు పూయాలి, అది పూయాలంటే పడవని క్రేన్‌తో పైకెత్తాలి, ఎత్తినందుకు డబ్బు, మళ్ళీ దించినందుకు డబ్బు, మధ్యలో ఒడ్డు మీద ఉంచినందుకు డబ్బు. మాస్ట్‌ని, అంటే చాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగలు పైకి బాగానే కనిపించినా పది పదిహేనేళ్ళకి మార్చేస్తారట. అన్నట్టు పడవ పొడవు రెట్టింపైతే ఖర్చు రెట్టింపుతో ఆగదు. అదే ఆకారంలో రెట్టింపు పొడవున్న పడవ బరువు 8 రెట్లవుతుంది, దాన్ని లాగాల్సిన చాపలూ, పట్టి ఉంచాల్సిన లంగరూ అన్నీ దాంతోపాటే లావెక్కుతాయి.

ఆయన: (లాప్‌టాప్ మూస్తూ) చూసి రావడానికైతే డబ్బు అడగరు కదా.

(రేవు. అమ్మే పెద్దమనిషి నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆయన నేరుగా వెళ్ళి చుక్కాని చక్రం పట్టుకుని నిలబడ్డాడు, సెల్ఫీ కోసం. ఆవిడ చెప్పులు విప్పేసి డెక్ మీద మడమలు గట్టిగా నొక్కుతూ, తల వంచుకుని నడుస్తోంది.)

ఆయన: ఏం చేస్తున్నావే? పరువు పోతోంది.

ఆవిడ: ఇక్కడ మెత్తగా ఉంది. రండి, తొక్కి చూడండి.

ఆయన: పాదాలకి హాయిగా ఉందిలే.

ఆవిడ: హాయిగా ఉండకూడదు! ఇలాంటి డెక్‌కి పైనా కిందా ఫైబర్‌గ్లాస్, మధ్యలో బాల్సా చెక్క. స్క్రూలు బిగించిన చోట సీలు పోయిందా, నీళ్ళు మెల్లగా దిగి లోపల చెక్క కుళ్ళిపోతుంది. పైన మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

(హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్క్రూడ్రైవర్ తీసి దాని పిడితో కొట్టుకుంటూ పోయింది. టక్, టక్, టక్, డబ్. పెద్దమనిషి నవ్వు కొంచెం తగ్గింది.)

ఆయన: ఆ టిష్యూ కాగితం దేనికి?

ఆవిడ: ఈ తీగల మీద పైనుంచి కిందికి లాగడానికి. ఉత్త చేత్తో లాగితే చెయ్యి కోసుకుంటుంది. ఎక్కడైనా పోగు తెగి ఉంటే కాగితం అక్కడ పట్టుకుంటుంది.

(పట్టుకుంది.)

ఆయన: ఒక్క పోగే కదా.

ఆవిడ: మాస్ట్ విరిగిపడేటప్పుడు కూడా మొదట ఒక్క పోగే. ఆ చాప చూశారా? కొత్త చాప మడత పెడుతుంటే కరకరలాడాలి. ఇది ముఖం తుడుచుకోవడానికి పనికొస్తుంది.

ఆయన: అంత అనుమానమైతే సర్వేయర్‌ని, అదే పడవలు పరీక్షించి చెప్పేవాణ్ణి, పెడదాం. వీరికి తెలిసినాయన ఒకాయన ఉన్నాడట.

ఆవిడ: అమ్మేవాళ్ళు చెప్పిన సర్వేయరా? ఏమండీ, మీరు ఆఫీసులో లెక్కలు చూస్తారనే చెప్పారు కదా నాకు?

(మధ్యలో రాసేవాడి మాట: ఈ విషయంలో నేను పూర్తిగా ఆవిడ పక్షం. తను డబ్బిచ్చి పెట్టుకున్న సర్వేయర్ లేకుండా, ఒక్కసారైనా నీళ్ళ మీద నడిపించి చూడకుండా పాత పడవ కొనేవాడి మీద మనం హాస్యం రాయక్కర్లేదు, వాడి జీవితమే రాసి పెడుతుంది.)

(తిరుగు ప్రయాణం. సగం దూరం మాటల్లేవు.)

ఆయన: మరి ఏం కొనమంటావు?

ఆవిడ: డింగీ. చిన్నది, ఇద్దరు పట్టేది, క్యాబిన్లూ పడకలూ లేనిది.

ఆయన: అది పిల్లల బొమ్మ.

ఆవిడ: లేజర్ అని ఒక డింగీ ఉంది. పొడవు 4.23 మీటర్లు, చాపా మాస్టూ లేకుండా ఒట్టి పడవ బరువు 60 కిలోల లోపే. 1996 నుంచి ఒలింపిక్స్‌లో దాంతో పందేలు జరుగుతున్నాయి. బొమ్మట!

ఆయన: అందులో పట్టేది ఒక్కరేగా.

ఆవిడ: మొదట అదే నచ్చింది నాకు.

ఆయన: జోకులొద్దు. పెద్ద పడవ అయితే కుదురుగా ఉంటుంది, భయం ఉండదు, నిదానంగా నేర్చుకోవచ్చు.

ఆవిడ: అదే కదా తంటా. పెద్దదానికి అడుగున రెక్కలా దిగి ఉండే కీల్‌లో బోలెడు బరువుంటుంది, మీరేం చేసినా భరిస్తుంది, కాస్త ఒరిగి ఊరుకుంటుంది. ఏడాదిపాటు తప్పుగా నడిపి కూడా నాకొచ్చేసింది అనుకుంటారు మీరు, మీ సంగతి నాకు తెలీదా. డింగీ అలా కాదు, చాప ఎక్కువ లాగినా, కూర్చోవాల్సిన వైపు కూర్చోకపోయినా ఆ నిమిషంలోనే చెప్పేస్తుంది.

ఆయన: ఎలా చెప్తుంది?

ఆవిడ: నీళ్ళలో పడేసి.

ఆయన: అలా చెప్పేవాళ్ళు ఇంట్లో ఉన్నారుగా, మళ్ళీ డబ్బిచ్చి కొనడమెందుకు?

(కొన్నారు. మొదటి క్లాసుకి ముందు రోజు హాల్లో రిహార్సల్. సోఫా పడవ. టేబుల్ ఫ్యాన్ గాలి. మాప్ కర్ర చుక్కాని పిడి. ఆవిడ చేతిలో మూసిన గొడుగు, అది బూమ్, అంటే చాప అడుగు అంచుకి కట్టే అడ్డకర్ర.)

ఆయన: సూటిగా ఫ్యాన్ వైపు పోనిస్తున్నా, చూడు.

ఆవిడ: పోదు. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా పోలేదు. అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు, అంతమేరా చాప ఊరికే టపటపలాడుతుంది, పడవ నిలబడిపోతుంది.

ఆయన: మరి ఫ్యాన్ దగ్గరికి వెళ్ళేదెలా?

ఆవిడ: కాసేపు టీవీ వైపు, కాసేపు తలుపు వైపు, వంకరటింకరగా. వైపు మార్చినప్పుడల్లా పడవ ముక్కుని గాలి దాటించి తిప్పాలి.

ఆయన: ఓరగా మాత్రం ఎలా పోతుందే? గాలి వెనక్కే నెట్టాలి కదా?

ఆవిడ: చాప విమానం రెక్క చేసే పనే చేస్తుంది, పడవని ఎక్కువగా పక్కకీ కొంచెం ముందుకీ లాగుతుంది. కింద సెంటర్‌బోర్డు, అంటే నీళ్ళలోకి దించే పలక, పక్కకి జారనివ్వదు. ఇక మిగిలింది ముందుకే. తడి గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే చటుక్కున జారిపోదూ, అలాగన్నమాట.

ఆయన: నన్ను ఇంట్లో నువ్వూ ఆఫీసులో వాళ్ళూ నొక్కుతూనే ఉన్నారు, నేనెక్కడికీ జారట్లేదు.

ఆవిడ: మీరు సెంటర్‌బోర్డు దించడం మర్చిపోయి ఉంటారు. సరే, ఎడమకి తిప్పండి.

(ఆయన మాప్ కర్ర ఎడమకి నెట్టాడు.)

ఆవిడ: అయిపోయింది, టీవీని గుద్దేశారు. పిడి ఎడమకి నెడితే పడవ కుడికి పోతుంది!

ఆయన: ఎడమకి అన్నావుగా!

ఆవిడ: పడవని అన్నాను!

ఆయన: పిడి నా చేతిలో పెట్టి పడవతో మాట్లాడతావేంటి?

ఆవిడ: సరేలెండి. ఇప్పుడు గాలి వీపు మీద కొడుతోందనుకోండి. ఇలా ఉన్నప్పుడు వైపు మారిస్తే, దాన్ని జైబ్ అంటారు, చాప ఆ చివర్నుంచి ఈ చివరికి ఒక్కసారిగా ఎగిరొస్తుంది, బూమ్‌తో సహా. నేను తల వంచండి అని అరవగానే మీరు...

ఆయన: నేను ఎవరికీ తల వంచే మనిషిని కాదు.

(గొడుగు వచ్చింది.)

ఆయన: (నుదురు రుద్దుకుంటూ) పడవకి పడవ ఎదురైతే ఎవరు తప్పుకోవాలో తెలుసా నీకు? తెలీదు. రెండూ తెరచాప పడవలై, గాలి చెరోవైపు నుంచి తగులుతుంటే, ఎడమ నుంచి తగిలే పడవే తప్పుకోవాలి. 1972 నాటి అంతర్జాతీయ నిబంధన.

ఆవిడ: చాలా మంచి నిబంధన. ఈ ఇంట్లో గాలి ఎప్పుడూ మీకు ఎడమవైపు నుంచే వీస్తుంది, గుర్తుపెట్టుకోండి.

(నీళ్ళ మీద. గాలి తక్కువగా ఉంది. నేర్పించే ఆయన మోటారు పడవలో కొంచెం దూరంగా తిరుగుతున్నాడు, వీళ్ళ మాటలు వినపడనంత దూరంగా. తెలివైనవాడు.)

ఆయన: ఈ లైఫ్ జాకెట్‌లో లావుగా కనిపిస్తున్నాను. అయినా నాకు ఈత వచ్చుగా.

ఆవిడ: స్పృహలో ఉంటే వస్తుంది. బూమ్ తగిలాక రాదు.

(నుదురు తడుముకుని బకుల్ పెట్టుకున్నాడు.)

ఆయన: ఒక్క మాట. పడవలో కెప్టెన్ ఒకరే ఉండాలి. అందుకని నేను...

ఆవిడ: కిర్‌స్టెన్ నోయిషేఫర్ అని దక్షిణాఫ్రికా ఆవిడ, 2023లో గోల్డెన్ గ్లోబ్ రేసు గెలిచింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టే పందెం అది. మధ్యలో ఇంకొకాయన పడవ మునిగిపోతే దారి మళ్ళించుకుని వెళ్ళి, ఆయన్ని రక్షించి, మళ్ళీ వచ్చి మరీ గెలిచింది.

ఆయన: అయితే?

ఆవిడ: ఏం లేదు. మీరు మునిగితే కంగారు పడకండి.

(చాపలో గాలి నిండింది. పడవ కదిలింది. ఆయన ముఖం చూడాలి ఆ క్షణాన, ఈ మనిషేనా బస్సు ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయనేది అనిపించేలా ఉంది.)

ఆయన: చూశావా, ఎలా పోతోందో! చాప తాడు లాగి పట్టుకుంటే చెయ్యి నొప్పెడుతోంది, ఇదిగో తాడుని కరిచిపట్టే ఈ పళ్ళ క్లీట్‌లో ఇరికించేశా. ఇక హాయి.

ఆవిడ: తీసెయ్యండి, తాడు చేతిలోనే ఉండాలి. అటు చూడండి, నీళ్ళు నల్లగా గరుకుగా అవుతున్నాయి. గాలి విసురు వస్తోంది.

ఆయన: మబ్బు నీడ అది.

ఆవిడ: మబ్బేదీ? తాడు వదలండి!

ఆయన: వదిలితే ఆగిపోతుంది!

ఆవిడ: ఆగాలనే! ఏం చెయ్యాలో తోచకపోతే తాడు వదిలెయ్యడమే, చాపలో గాలి పోతుంది, పడవ లేచి నిలబడుతుంది. వదలండీ!

ఆయన: ప్రతిదానికీ వదిలెయ్యండి వదిలెయ్యండి అంటావు, ఆ గిటార్‌ని కూడా నువ్వే వదిలెయ్య...

(ఇక్కణ్ణుంచి సంభాషణ నీళ్ళలో.)

ఆయన: (ఉమ్ముతూ) ఒడ్డు దగ్గరే, ఈదుకుంటూ పోదామా?

ఆవిడ: పడవని వదలకూడదు! నీళ్ళలో తలకాయ ఎవరికీ కనపడదు, పడవ కనిపిస్తుంది. పట్టుకోండి.

ఆయన: ఇప్పుడు వదలకూడదట!

ఆవిడ: నేను ఆ పక్కకెళ్ళి సెంటర్‌బోర్డు ఎక్కి వెనక్కి వాలతాను, పడవ లేస్తుంది. మీరు ముందు క్లీట్‌లోంచి ఆ తాడు తీసెయ్యండి. తీశారా?

ఆయన: ఆఁ, ఆఁ.

(గ్యాస్ కట్టేశారా అని అడిగినప్పుడు వినిపించే ఆఁ ఇదే. పడవ లేచింది. బిగిసి ఉన్న చాప నిండా గాలి పట్టి, అంతే వేగంగా రెండో పక్కకి పడింది.)

ఆవిడ: తీశానన్నారు!

ఆయన: తీద్దామనుకునే లోపలే నువ్వు లేపేశావు! నీకు అన్నిటికీ తొందరే.

ఆవిడ: ఇప్పుడు తీయండి. నాకు కనపడేలా తాడు పైకెత్తి చూపించండి. ఆఁ, అలా. ఇప్పుడు లోపలివైపు కాళ్ళు పెట్టుకునే పట్టీ పట్టుకుని ఊరికే తేలుతూ ఉండండి. లేచేటప్పుడు పడవే మిమ్మల్ని లోపలికి తోడుకుంటుంది.

ఆయన: మనిషిని తోడుకోవడమేంటే, నేనేమన్నా...

(తోడుకుంది. ఆయన బోర్లా పడి, నీళ్ళలోనే సగం మునిగి, గెలిచినవాడిలా చెయ్యి ఊపాడు. నేర్పించే ఆయన అటు తిరిగి దగ్గుతున్నాడు.)

ఆవిడ: ఊపింది చాలు, నన్ను లాగండి. చెయ్యి కాదు, జాకెట్ భుజాలు పట్టుకుని.

(లాగాడు. ఆవిడ లోపలికి జారి, జారినది జారినట్టే వెళ్ళి పిడి పట్టుకుని కూర్చుంది. తాడు కూడా అందుకుంది.)

ఆయన: అది నా చోటు.

ఆవిడ: చోట్ల సంగతి తర్వాత, ఎదురుగా రేవు గోడ వచ్చేస్తోంది, ఎటు తిప్పను?

ఆయన: ఎడమకి!

ఆవిడ: పిడి ఎడమకా, పడవ ఎడమకా?

ఆయన: నా ఎడమకి!

ఆవిడ: మీరు నా వైపు తిరిగి కూర్చున్నారండీ!

ఆయన: అయితే గోడ లేని వైపుకి!