ఫ్యాను ఆపితే గానీ మాట వినపడలేదు

యూనివర్సిటీలో స్టాఫూ విద్యార్థులూ కలిసి తీసిన షార్ట్ ఫిల్ముల మీద మీ వ్యాసం చదివాను. నటన, కెమెరా గురించి బాగా రాశారు గానీ సౌండ్ ఊసే ఎత్తలేదు. అసలు కష్టం అక్కడే ఉందండీ.

నేను గుంటూరులో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. మా పిల్లలు తీసిన సినిమాలో అటెండర్ గారు తండ్రి వేషం వేశారు. మార్కెట్ యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్ముకుని కొడుకు ఫీజు కట్టడానికొచ్చిన రైతు. నోట్లు లెక్కపెట్టబోతూ ఆయన చేతులు పంచెకి తుడుచుకున్నారు. అది స్క్రిప్టులో లేదు. చూస్తున్న మాకు గొంతు పట్టేసింది. తీరా వింటే ఫోన్ మైకులో ఆయన మాట కంటే ఫ్యాను మోతే ఎక్కువ పడింది. డబ్బింగ్ చెప్పిస్తే ఆ వణుకు రాలేదు. చివరికి ఏప్రిల్ ఎండలో ఫ్యాన్లన్నీ ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కాలర్ మైకు పెట్టి మళ్లీ తీశాం.

సినిమా పాటలు వాడేవాళ్లకు ఒక మాట. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థల లోపలి ప్రదర్శనలకు కొంత వెసులుబాటు ఉంది. యూట్యూబ్‌లో పెడితే అది పనిచేయదు. సినిమా పాట పెట్టిన మా ఫిల్ము అక్కడ అలాగే మూగబోయింది. తర్వాత ఆ పాట బదులు మా విద్యార్థిని ఒకమ్మాయి వీణ వాయించి ఇచ్చింది, అదే ఇంకా బాగా కుదిరింది.

ఈ సినిమాలు విజయవాడలో ఎక్కడైనా వేస్తే ముందుగా చెప్పండి. మా అటెండర్ గారిని వెంటబెట్టుకుని వస్తాను.