మహారాజశ్రీ లైఫ్ జాకెట్టు గారికి

మహారాజశ్రీ లైఫ్ జాకెట్టు గారికి,
పడవల రేవు, స్వరాజ్ ద్వీప్, అండమాన్ దీవులు.

అనంతపురం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు తడిగానే ఉన్నారని తలుస్తాను. మీరు పొడిగా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

ఈ ‘మీరు’ను ఇంతటితో ఆపేస్తాను. ఐదు రోజులు ఒకరి చెమటలో ఒకరం నానినవాళ్ళం. నా చెమట ఒక్కటే అయితే సరే. నాకంటే ముందు నిన్ను తొడుక్కున్న కొత్త దంపతులు, వాళ్ళకు ముందు వచ్చిన బ్యాంకు ఉద్యోగులు, వాళ్ళకూ ముందు ఎవరో కొబ్బరినూనె దండిగా రాసుకునే పెద్దాయన, అందరినీ నీ ద్వారానే ముక్కుతో పరిచయం చేసుకున్నాను. 2018 డిసెంబరులో మీ హేవ్‌లాక్ ద్వీపం పేరు మార్చి స్వరాజ్ ద్వీప్ చేశారు. నీ వాసన మాత్రం హేవ్‌లాక్ నాటిదే.

నన్ను గుర్తుపట్టావా? మొదటి రోజు నిన్ను వెనకది ముందుకు తొడుక్కుని, క్లిప్పు దొరక్క వీపు తడుముకుంటూ గిరగిరా తిరిగినదాన్ని. నాతో వచ్చింది హాస్టల్ నాటి స్నేహితురాలు. అప్పట్లో మేము ఒకరినొకరు ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం, ఇప్పటికీ అంతే. ఆమె అమలాపురం, నేను అనంతపురం. పేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి కానీ నీళ్ళ దగ్గర పోలిక లేదు. మా దగ్గర ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, మీ దీవుల్లో 3,000. నాకు తెలిసిన లోతైన జలాశయం మా ఇంటి నీళ్ళ సంపు. అమలాపురానికి నడకా ఈతా దాదాపు ఒకే ఈడులో వచ్చాయట. పీచు తీయని ఎండు కొబ్బరికాయలు రెండింటిని తాడుతో జతచేసి వీపుకు కట్టి, వాళ్ళ తాతగారు కాలువలోకి దింపేసేవారట. ఆ లెక్కన నీకంటే ముందే ఆమెకు లైఫ్ జాకెట్టు ఉంది. ఆ కొబ్బరికాయలకు వాసన లేదు, అద్దె కూడా లేదు.

నీ వంశం సంగతి కూడా కనుక్కున్నాను, ఏమనుకోకు. నీ ముత్తాతలు బెండు ముక్కలు. 1854లో బ్రిటన్‌లో పడవలు కాపాడే సిబ్బందికి తొడిగినవి అవే. ఆ తర్వాతి తరం బూరుగు దూది. నీటిని సులువుగా పీల్చుకోదని దాన్ని కూరి చాలాకాలం జాకెట్లు కుట్టారు. అంటే మా ఇంట్లో అటక మీద పడి ఉన్న పాత దిండ్లు నీకు వరసకు దాయాదులు. ఇప్పుడు నువ్వు ఫోముతో నిండి, నారింజ రంగు పూసుకుని, మెడలో ఈల వేలాడదీసుకుని దొరలా తిరుగుతున్నావు కానీ మూలాలు దిండువే.

మా ప్రయాణం మొదట్లోనే చిక్కుల్లో పడింది. మా అత్తగారి తరానికి అండమాన్ అంటే ద్వీపాంతరవాసమే. టికెట్లు తీశామని చెబితే ‘ఇద్దరూ ఏం నేరం చేశారు?’ అని అడిగింది. ఆమె అడగడంలో తప్పు లేదు. అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొరను అక్కడికే పంపారు. ఆయన శిక్ష అనుభవించి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మేము సెల్యులార్ జైలు చూశాము. ఏడు వరుసల గదుల్లో మిగిలిన మూడింటి ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఐస్‌క్రీం తిన్నాము. శిక్షగా పంపిన చోటికి వాయిదాల మీద డబ్బు కట్టి వెళ్ళిన తరం మాది, అంతకంటే గంభీరంగా ఉండటం చేతకాలేదు.

అత్తగారి రెండో అభ్యంతరం తిథి. మేము ఎంచుకున్నది పుష్య అమావాస్య. ఎందుకంటే అక్కడ రాత్రిపూట సముద్రం నీలంగా మెరిసే వింత చూడాలంటే చంద్రుడు ఉండకూడదు. ‘అమావాస్య నాడు నీళ్ళ మీదికా?’ అని ఆవిడ కూర్చున్నచోటి నుంచి లేచింది. అప్పుడు అమలాపురం ఫోనులో అడ్డుకుంది. ‘అత్తయ్యగారూ, అది చొల్లంగి అమావాస్య. ఆ రోజు సముద్రస్నానం మహా పుణ్యం. మా వైపు వాళ్ళంతా కాకినాడ దగ్గర చొల్లంగికి వెళ్ళి మునుగుతారు.’ అత్తగారు మెత్తబడింది. ఒక్కటే షరతు పెట్టింది: మూడు మునకలు వేయాలి, తన పేర కూడా ఒకటి.

ఇక నీ నేరాల చిట్టా విప్పుతాను.

అమావాస్య ఉదయం ఎలిఫెంట్ బీచికి పడవలో వెళ్ళాము. పడవ ముందు భాగంలో నిలబడి, వెనక పచ్చటి అడవి, కింద నీలి నీళ్ళు, మధ్యలో నేను ఉండేలా ఒక ఫోటో తీయమన్నాను. నువ్వు లేకుండా. నీ క్లిప్పు తీశాను. పడవ నడిపే మనిషి చెయ్యి ఊపి వద్దన్నాడు. నేను అమలాపురంతో తెలుగులో, ‘ఈయన చూడవే, గంజి పెట్టిన మొహం వేసుకుని! సముద్రం తన సొంతమైనట్టు’ అన్నాను. ఆయన చుక్కాని మీద చెయ్యి తీయకుండా, ‘నా మొహం సంగతి ఒడ్డుకు వెళ్ళాక మాట్లాడుకుందాం అక్కా. ముందు క్లిప్పు పెట్టుకోండి’ అన్నాడు. స్వచ్ఛమైన తెలుగు. తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా వచ్చి స్థిరపడ్డారట. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు అని నాకు ఆ తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే నోటికి కూడా ఒక జాకెట్టు తొడిగేదాన్ని.

ఆ గొడవలో అమలాపురం నా వైపు మాట్లాడలేదు. పడవ ఎక్కిన ప్రతిసారీ, గజ ఈతగత్తె అయి ఉండి, అందరికంటే ముందు నిన్ను బిగించుకునేది ఆమే. ఎందుకే నీకిది అని అడిగాను. ‘కచ్చులూరు’ అంది. 2019 సెప్టెంబరులో అక్కడ బోటు మునిగింది. గోదావరి పక్కన పుట్టినవాళ్ళ దగ్గర ఆ పేరు వచ్చాక ఫోటోల మాట ఎత్తలేము. నేను మారు మాట్లాడకుండా క్లిప్పు పెట్టుకున్నాను. నీ పట్ల నేను చూపిన ఏకైక మర్యాద అదే. లెక్కలో రాసుకో.

ఎలిఫెంట్ బీచి దగ్గర నీళ్ళు నడుము లోతు దాటగానే నీ అసలు రూపం బయటపడింది. నేను కిందికి వెళ్ళాను, నువ్వు పైకి వెళ్ళావు. నీ భుజాలు నా చెవుల దాకా వచ్చాయి. నా గడ్డం నీ కంఠంలో ఇరుక్కుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు నారింజ రంగు కుండలో తల పెట్టిన పిల్లిలా ఉన్నానని అమలాపురం చెప్పింది. అయినా ముహూర్తం దాటిపోతుందని ముక్కు పట్టుకుని మొదటి మునక వేశాను. నువ్వు వేయనివ్వలేదు. బంతిలా పైకి వచ్చాను. రెండోసారి ఊపిరి బిగబట్టి, ఇద్దరు భుజాలు నొక్కితే నడినెత్తి తడవలేదు. మూడోసారికి తిరగబడి వెల్లకిలా తేలాను. ఆకాశం చాలా బాగుంది కానీ నేను వచ్చిన పని అది కాదు.

ఆ బీచికి ఆ పేరు రావడానికి కారణమైన ఏనుగుల సంగతి నీకు తెలిసే ఉంటుంది. కలప లాగించడానికి వాటిని తెచ్చారు. ఒక దీవి నుంచి మరో దీవికి ఈదుకుంటూ వెళ్ళేవి. 2002లో సుప్రీంకోర్టు అడవులు నరకడం ఆపించాక వాటి పని పోయింది. వాటిలో రాజన్ అనే ఏనుగు మీ ద్వీపంలోనే మిగిలి, సందర్శకుల ముందు సముద్రంలో ఈదేది. 2016లో చనిపోయింది. టన్నుల బరువు, మెడలో ఈల లేదు, క్లిప్పు లేదు. నేను అరవై ఎనిమిది కిలోలు. ఈ మాటకు నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

మధ్యాహ్నం స్కూబా డైవింగ్. అక్కడ నిన్ను పడవలోనే వదిలేయమన్నారు. ఒప్పుకుంటున్నాను, నాకు ఏడుపొచ్చింది. అంతవరకు నన్ను మునగనివ్వలేదని నిన్ను తిట్టినదాన్ని, నా నడుముకు సీసపు బరువులు కడుతుంటే నీ వంకే చూశాను. నువ్వు మూలన పడి నీళ్ళు కారుస్తున్నావు. నాకోసమే అనుకున్నాను.

కిందికి వెళ్ళాక శిక్షకుడు చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టి, బాగున్నావా అని అడిగాడు. అదే గుర్తుతో జవాబివ్వాలని ఒడ్డున అరగంట నేర్పించాడు. నేను మర్యాదగా బొటనవేలు పైకెత్తి చూపించాను, బాగున్నాను బాబూ అని. నీటి కింద ఆ గుర్తుకు అర్థం ‘నన్ను పైకి తీసుకుపో’ అని. తీసుకుపోయాడు. పైన చెప్పాడు, తల ఊపాను. మళ్ళీ దిగాము. ఈసారి పగడాల మధ్య చారల చేప ఒకటి కనిపించింది. అంత అందం చూసి బొటనవేలు దానంతటదే లేచింది. మళ్ళీ పైకి. మూడోసారి ఇసుకలో నల్లగా బారుగా పడి ఉన్నదాన్ని చూపించాడు, సముద్ర దోసకాయ అనే జీవి. దాన్ని చూస్తే పప్పు గుర్తొచ్చి మళ్ళీ వేలెత్తాను. నాలుగోసారి ఆ అబ్బాయి నా బొటనవేలిని తన పిడికిట్లో పట్టుకునే తిప్పాడు. ఆ చివరి పావుగంట నేను చూసింది చెప్పడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ పొడి నేల మీద పుట్టినవి. చిలుక చేప పగడాన్ని కొరుకుతుంటే పటుక్కున వినిపించింది. అది చాలు.

రాత్రి మళ్ళీ నువ్వే. కయాక్ అనే సన్నటి తెడ్డు పడవలో ముందు నేను, వెనక అమలాపురం, మడ చెట్ల మధ్యలోంచి చీకట్లోకి. పగలు మడ అడవిని చూసి ఆమె, ‘ఇది మా కోరింగే, టికెట్టు ఒక్కటే ఎక్కువ’ అని తేల్చేసింది. ఉప్పునీటి మొసళ్ళున్నాయని హెచ్చరిక బోర్డులు చూసినప్పటి నుంచి నాకొక సందేహం. మొసలి వస్తే ఈ జాకెట్టు పనికొస్తుందా అని మార్గదర్శిని అడిగాను. ‘వెతకడానికి పనికొస్తుంది మేడం’ అన్నాడు. నీ రంగు రహస్యం అప్పుడు తెలిసింది.

తెడ్డు నీటిని తాకగానే నీలం నిప్పు లేచింది. నీటిలోని ఏకకణ జీవులు కదిలిస్తే వెలుగుతాయని చదివే వెళ్ళాను. చదివింది ఏమీ అక్కరకు రాలేదు. చెయ్యి ముంచితే వేళ్ళ వెంట వెలుగు జారింది. అడుగున ఒక చేప ఉలిక్కిపడి పారిపోతే దాని దారి మొత్తం గీత గీసినట్టు కనిపించింది. అమలాపురం పది నిమిషాలు మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళ స్నేహంలో అది రికార్డు. ఆ నిశ్శబ్దంలో వినిపించిన ఒకే ఒక్క శబ్దం నీది, ఊపిరి తీసినప్పుడల్లా కీచుమంటూ.

బారాటాంగ్ దీవి సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎక్కువ చెప్పాలని లేదు. తెల్లవారకముందే బండ్ల వరుసలో నిలబడి, జారవాలనే ఆదివాసుల అడవిలోంచి వెళ్ళే రోడ్డు మీద, ఆగకూడదు, ఫోటో తీయకూడదు అనే నియమాల మధ్య వెళ్ళాము. జారవాల రక్షిత ప్రాంతాన్ని ఆనుకుని వెళ్ళే ఆ రోడ్డు భాగాలను మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. ఆ ఆదేశం మీదుగానే మా బండి కూడా వెళ్ళింది. సున్నపురాతి గుహలు చూశాము, బురద ఉబికే గుంట చూశాము. తిరుగు దారిలో ఇద్దరం కిటికీలోంచి చూడకుండా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాము. అలా కూర్చుంటే సరిపోతుందని మేమే అనుకున్నాము.

ఇంటికొచ్చాక అత్తగారికి ఫోటోలు చూపించాను. ప్రతి ఫోటోలో నువ్వే. మొహం నాది అనడానికి కళ్ళజోడు ఒక్కటే ఆధారం. ‘ఇంత డబ్బు పోసి రోడ్డు పనికి వెళ్ళారా?’ అంది. తర్వాత మునకల లెక్క అడిగింది. నేను నీళ్ళు నమిలాను. అమలాపురం ఫోనులోంచే స్కూబా కథ చెప్పి, పూర్తిగా మునిగి మూడుసార్లు పైకి వచ్చింది కాబట్టి మూడు మునకలు అయినట్టే అని వాదించింది. నాకైతే ఆ ఆలోచన రానేలేదు. అత్తగారు కాసేపు ఆలోచించి, ‘సంకల్పం చెప్పుకుందా?’ అని అడిగింది. నోట్లో గొట్టం పెట్టుకుని సంకల్పం ఎలా చెప్పుకోవాలో ఆవిడే చెప్పలేదు. తీర్పు మాత్రం చెప్పింది: చెల్లదు. వచ్చే ఏడాది మళ్ళీ మునగాలి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. విమానాశ్రయంలో గవ్వలు, పగడాలు తీసుకెళ్ళకూడదని బోర్డు చూసి సంచి అంతా వెతుక్కున్నాను. ఒక్క గవ్వ లేదు కానీ చున్నీ ముడిలో ఇరుక్కుని నీ ఈల దొరికింది. దారం ఎప్పుడు తెగిందో తెలియదు. ఇంటి మేడ మీద ఒకసారి ఊదాను. నాలుక మీద ఇంకా ఉప్పు. పాలబ్బాయి సైకిల్ ఆపి ‘ఏమైందమ్మా?’ అని తల పైకెత్తాడు.

దాన్ని ఈ కవరులోనే పెట్టి పంపుతున్నాను, అందగానే మెడలో కట్టించుకో. వచ్చే చొల్లంగి అమావాస్యకు అమలాపురం నన్ను చొల్లంగికే రమ్మంటోంది, వాళ్ళ ఊరి నుంచి దగ్గరేనట. అక్కడ మునిగేవాళ్ళకు నీ బంధువులను ఎవరైనా ఇస్తారేమో కనుక్కుని తిరుగు టపాలో రాయగలవు.

ఇట్లు,
మునగలేకపోయిన
అనంతపురం