నిమ్మరసం చుక్కతో ఇటలీ తేలదు

తెల్లగోడ, ఖాళీ షెల్ఫ్, దాని మీద ఒకే ఒక్క రాతి ఏనుగో పిల్లో. ఇల్లు ఇలా సాదాగా సర్దుకునే ఫ్యాషన్ వచ్చాక ఇటలీ పాత రాతి జంతువుల బొమ్మలకు గిరాకీ పెరిగింది. దాంతోపాటే వాట్సాప్‌లోనూ రీల్స్‌లోనూ ఒక పోస్టు తెగ తిరుగుతోంది: "అసలుదో నకిలీదో అయిదు నిమిషాల్లో తేల్చుకోండి" అని. అందులో చెప్పేవి ఇవీ: నిమ్మరసం చుక్క వేస్తే నురగ రావాలి. చేతికి చల్లగా, బరువుగా ఉండాలి. ఒంటినిండా చిల్లులుంటే అది ట్రావర్టైన్ అనే రాయి, అంటే ఇటలీ డిజైనర్ ఎంజో మారి బొమ్మే. 'మేడ్ ఇన్ ఇటలీ' స్టిక్కర్ ఉంటే ఇంక చూసుకోనక్కర్లేదు. ఇంటికి తెచ్చాక నీళ్ళలో కడిగి కొబ్బరినూనె రాస్తే కొత్తదానిలా మెరుస్తుంది. యాంటిక్ అని రాయించుకుంటే కస్టమ్స్ బాధ ఉండదు.

వీటిలో కొన్ని ఏమీ తేల్చవు. కొన్నయితే బొమ్మనే పాడుచేస్తాయి.

"నురగ వస్తే అసలైన ఇటాలియన్ మార్బుల్"

మార్బుల్ అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసంలోని ఆమ్లం దానికి తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. ఆ పరీక్ష చెప్పేది అంతవరకే. రాయి ఇటలీలోని కరారాలో తవ్విందైనా, రాజస్థాన్ మక్రానాలో తవ్విందైనా, పాకిస్తాన్ నుంచి వచ్చే పచ్చ ఓనిక్స్ అయినా బుడగలు ఒకటే. ఊరి పేరు చెప్పే శక్తి నిమ్మకాయకు లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మార్బుల్ పొడిని పాలియెస్టర్ రెజిన్‌లో, అంటే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్‌లో, కలిపి అచ్చుపోసిన బొమ్మలు ఇటలీలోనే లెక్కలేనన్ని తయారయ్యాయి. అడుగున 'ఎ. శాంతీని' అని సంతకం ఉండేవి వాటిలో బాగా తెలిసినవి. అమిల్కారే శాంతీని నిజమైన శిల్పే, బొమ్మలూ ఇటలీవే. కానీ రాయి చెక్కి చేసినవి కావు. అలాంటి బొమ్మ అడుగున కాస్త గీకి చుక్క వేస్తే లోపలి మార్బుల్ పొడి వల్ల బుడగలు రావచ్చు, పరీక్ష పాసైపోతుంది. మరోవైపు టస్కనీలోని వోల్తెర్రా ఊళ్ళో రోమన్లకు ముందు అక్కడ ఉన్న ఎట్రుస్కన్ల కాలం నుంచి చెక్కుతున్న అలబాస్టర్ ఉంది. అది జిప్సమ్, అంటే కాల్షియం సల్ఫేట్. దాని మీద నిమ్మరసం పోస్తే ఒక్క బుడగా రాదు. అచ్చుబొమ్మకు పట్టం కట్టి, చెక్కిన బొమ్మను నకిలీ అని వెనక్కి పంపే పరీక్ష ఇది.

పైగా మచ్చ మిగులుతుంది. పాలిష్ చేసిన మార్బుల్ మీద ఆమ్లం పడిన చోట పైపొర కరిగి, మెరుపు పోయి, బిళ్ళంత మసక తేలుతుంది. తుడిస్తే పోదు. టిన్ ఆక్సైడ్ పొడితో ఆ భాగమంతా మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. కొనకముందే అమ్మేవాడి బొమ్మ మీద ఈ పని చేస్తే గొడవ కూడా ఉచితం.

దీని బదులు చేయాల్సింది ఇది. బొమ్మను తిరగేసి, అడుగున కనబడని చోట గోటితో గట్టిగా గీయండి. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేలులో గోరు గట్టిదనం సుమారు 2.5, అలబాస్టర్‌ది 2, మార్బుల్‌దీ ట్రావర్టైన్‌దీ 3. గీత పడితే అలబాస్టర్ కావచ్చు. సోప్‌స్టోన్ మీద కూడా పడుతుంది, కానీ అది సబ్బులా జారుతూ తగులుతుంది. తర్వాత ఫోన్ టార్చి చెవి వెనకో తోక వెనకో పెట్టండి. అలబాస్టర్‌లో వెలుగు లోపలిదాకా పాకుతుంది, మార్బుల్‌లో పలచటి అంచుల దగ్గరే ఆగిపోతుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద మార్బుల్ పెచ్చు ఊడిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. రెజిన్‌లో ఆ పలుకులుండవు, సూదిమొనంత గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తాయి. గడ్డం కింద, పొట్ట కింద, కాళ్ళ లోపలివైపు సన్నటి అచ్చుగీత వెతకండి. చాలా బొమ్మల్లో దాన్ని అరగదీసేస్తారు గానీ కాళ్ళ సందుల్లో మర్చిపోతారు. ఇంకా తేలకపోతే చివరి మార్గంగా, అడుగున అంటించిన ఫెల్ట్ గుడ్డ కింద కాల్చిన గుండుసూది ఆనించండి. రాయికి ఏమీ కాదు, రెజిన్ అయితే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. ఆ బొమ్మ మీది అయితేనే సుమా.

"చల్లగా, బరువుగా ఉంటే రాయే"

మార్బుల్ పొడి దట్టించిన రెజిన్ కూడా ఏసీ గదిలో చల్లగానే తగులుతుంది. చేత్తో ఎత్తి "బరువుంది" అనుకోవడం లెక్క కాదు, సాంద్రత లెక్క. చిన్న బొమ్మలకు ఇంట్లోనే చూడొచ్చు. ముందు పొడిగా తూచండి. తర్వాత వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. బొమ్మకు దారం కట్టి, అడుగు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపే గ్రాములే దాని ఘనపరిమాణం. పొడి బరువు 1,350 గ్రాములు, కాటా చూపింది 500 అయితే సాంద్రత 2.7, అది మార్బుల్ లెక్క. రెజిన్ మిశ్రమాలు 2కి అటూ ఇటూ ఉంటాయి. ట్రావర్టైన్ చిల్లుల్లో గాలి ఇరుక్కుని లెక్క తప్పిస్తుంది కాబట్టి దానికిది పనికిరాదు. గోటి గీత పడిన బొమ్మను అసలు ముంచకండి, కారణం కిందుంది.

"చిల్లులుంటే ట్రావర్టైన్, ట్రావర్టైన్ అయితే ఎంజో మారి"

ట్రావర్టైన్ వేడినీటి ఊటల దగ్గర సున్నం పేరుకుని ఏర్పడే రాయి. రోమ్ పక్కన తివోలీది ప్రసిద్ధం, కొలోసియం కట్టింది ఎక్కువగా దానితోనే. కానీ టర్కీలోని దెనిజ్లీ నుంచీ ఇరాన్ నుంచీ కూడా ట్రావర్టైన్ ఓడల కొద్దీ వస్తుంది. చిల్లు చూసి ఇటలీ అనలేం. చూడాల్సింది చిల్లు ఆకారం. అసలు రాయిలో అవి ఒక పొర వెంబడి సాగినట్టు, లోపల గరుగ్గా, ఏ రెండూ ఒకేలా లేకుండా ఉంటాయి. సిమెంటుతో పోసిన నకళ్ళలో గుండ్రంగా, చెదురుమదురుగా ఉంటాయి.

ఇక మారి సంగతి. 1970ల ట్రావర్టైన్ జంతువుల్లో చాలావాటిని ఫ్లోరెన్స్ ప్రాంతపు ఫ్రాతెల్లి మన్నెల్లి అనే కంపెనీ పేరుతో అమ్ముతారు, దానికి 'డిజైన్ ఎంజో మారి' అని తోక తగిలిస్తారు. మారి (1932–2020) జంతువులకు పేరు తెచ్చుకున్న మాట నిజమే. కానీ అవి 1957లో దనేసే కంపెనీకి చేసిన 16 చెక్క జంతువులు, ఒకదానిలో ఒకటి ఇమిడే పజిల్. రాతి బొమ్మకు ఆ పేరు పెట్టి రెట్టింపు ధర చెబితే, ఆ కాలపు క్యాటలాగ్ పేజీ చూపించమనండి. వేరే అమ్మకందారు ప్రకటన స్క్రీన్‌షాట్ ఆధారం కాదు. అది లేకపోతే 'ఇటలీ, 1970లు' అన్న ధరే ఇవ్వండి. బొమ్మ బాగుంటే అదీ తక్కువేం కాదు.

"స్టిక్కర్ ఉంటే చాలు"

ఇంగ్లీషులో 'మేడ్ ఇన్ ఇటలీ' అని ఉంటే ఎగుమతి సరుకని అర్థం. దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890 చట్టంతోనే నిబంధన పెట్టింది. ఇటలీలోనే అమ్ముడైన బొమ్మకు స్టిక్కర్ లేకపోవడం మామూలే. ఇక ఉన్న స్టిక్కర్ చవకగా ప్రింటయ్యే కాగితం. జిగురు పసుపెక్కి, అంచులు రాతి గీతల్లోకి అణిగిపోయి, చుట్టూ మురికి గీత కట్టి ఉంటే దానికి కాస్త విలువ ఇవ్వొచ్చు. అరిగిన అడుగు మీద తళతళలాడే స్టిక్కర్ ఉంటే అనుమానించాలి.

"నీళ్ళలో కడిగి కొబ్బరినూనె రాయండి"

పోస్టులో అన్నిటికంటే నష్టం చేసే సలహా ఇదే. అలబాస్టర్ అంటే జిప్సమ్ కదా, అది నీళ్ళలో కరుగుతుంది, లీటరుకు సుమారు 2 గ్రాములు. తక్కువే అనిపిస్తుంది కానీ కరిగేది పైపొరే, పాలిష్ అంతా ఉండేది అక్కడే. మన ఇళ్ళలో దీనికో ప్రత్యేక ప్రమాదం ఉంది. వాస్తు పేరుతో తాబేలు బొమ్మను నీళ్ళ పళ్ళెంలో పెడతారు. ఇత్తడి తాబేలుకు ఏమీ కాదు. వోల్తెర్రా అలబాస్టర్ తాబేలును అలా ఉంచితే నీటిగీత దాకా కాళ్ళు గరుకెక్కి, గోళ్ళ గీతలు చెరిగిపోతాయి. వేడి కూడా పడదు. అలబాస్టర్‌ను మరుగుకు దగ్గరగా కాచిన నీళ్ళలో ఉంచి తెల్లబరిచి, మార్బుల్‌లా అమ్మడం వోల్తెర్రా పనివాళ్ళకు పాత విద్యే. ఎండ నేరుగా పడే కిటికీ, హాలోజెన్ లైటు రెండూ వద్దు, ఎల్ఈడీ చాలు.

కొబ్బరినూనె రాళ్ళ రంధ్రాల్లోకి దిగి, కొన్నాళ్ళకు కమురు కంపు కొట్టి, పసుపు మచ్చ అవుతుంది. ట్రావర్టైన్ చిల్లుల్లో దుమ్ము నల్లగా అంటుకుపోతుంది. ఇప్పటికే రాసేసి ఉంటే, మార్బుల్‌కీ ట్రావర్టైన్‌కీ మాత్రం ఇలా చేయండి: టాల్కమ్ పొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి మచ్చ మీద అర సెంటీమీటరు మందాన పట్టించండి, ప్లాస్టిక్ కప్పి ఒక రోజు వదిలేయండి, ప్లాస్టిక్ తీసి పూర్తిగా ఆరనిచ్చి చెక్కపుల్లతో రాల్చండి. రెండు మూడు సార్లు పడుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. ముందు ఎక్కడైనా గ్లూతో అతికించిన చెవి ఉందేమో చూసుకోండి. అసిటోన్‌కి పాత జిగురు వదులై చెవి చేతికొస్తుంది. రెజిన్ బొమ్మ మీద అసిటోన్ వద్దే వద్దు.

మామూలు రోజుల్లో మెత్తటి పొడి బ్రష్ చాలు. మెరుపు కావాలంటే మైక్రోక్రిస్టలైన్ మైనం (పాత వస్తువుల సంరక్షణకు వాడే మైనం) బియ్యపుగింజంత గుడ్డకు తీసుకుని పలచగా రాసి, ఆరాక తుడవండి. నేల మీద పెట్టే పెద్ద బొమ్మలకు ఫ్లోర్ క్లీనర్ చిందులతో జాగ్రత్త. బాత్రూం ఆసిడ్ ఒక్క చుక్క చాలు, మెరుపు పోవడానికి.

"యాంటిక్ అని రాయించుకోండి"

కస్టమ్స్ లెక్కలో పురావస్తువంటే వందేళ్ళు దాటాలి. 1970ల బొమ్మకు ఆ ముద్ర వేయడం తప్పుడు డిక్లరేషన్, సరుకు ఆగిపోవచ్చు. ఇన్వాయిస్‌లో రాయి పేరు, సుమారు దశాబ్దం, బరువు, కొన్న ధర ఉన్నదున్నట్టు రాయించండి.

డ్యూటీ కంటే రవాణాలోనే డబ్బు పోతుంది. విమానంలో వచ్చే పెట్టెకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. 40×30×30 పెట్టె అంటే 7.2 కిలోలు. లోపలి బొమ్మ 5 కిలోలే ఉన్నా 7.2కే బిల్లు పడుతుంది. అలాగని పెట్టె చిన్నది చేయమనకండి. ముందు చెవులు, తోక, ముక్కు చుట్టూ మెత్తటి ఫోమ్ నింపాలి. బొమ్మ లోపలి పెట్టెలో కదలకూడదు, ఆ పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య అన్ని వైపులా 5 సెంటీమీటర్ల ఫోమ్ ఉండాలి. థర్మోకోల్ గుళికలు వద్దు, బరువుకు బొమ్మ వాటి మధ్యలోంచి కిందికి దిగిపోతుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, విరిగినట్టయితే ముక్కలు కలిపి చూడాలన్న సరదాకు పోకుండా పెట్టెలో ఉన్నదున్నట్టే ఫొటోలు తీసి అదే రోజు పంపండి.