అత్యవసరం సరే, లెక్క ఎవరికి?

పిల్లను ఎత్తుకుపోయిన క్యాబ్ హైవే ఎక్కేసింది. నంబరు తెలిసింది, బండిలో జీపీఎస్ ఉంది. అలాంటప్పుడు జీపీఎస్‌తో బండి జాడ తీయడానికి ముందు వారెంటు కోసం మెజిస్ట్రేటు ఇంటి తలుపు తట్టి రమ్మని పోలీసులకు ఎవరూ చెప్పరు. మేమూ చెప్పం. మా పేచీ అంతా మర్నాటి సంగతి గురించే. బండిని ఎవరు వెంటాడారు, ఏ కారణంతో, ఎన్ని గంటలు, ఎప్పుడు ఆపారు? ఇదంతా ఎక్కడైనా రాసి పెట్టారా?

అమెరికాలో ఈ గొడవ ఎప్పుడో కోర్టుకెక్కింది. వాషింగ్టన్‌లో నైట్‌క్లబ్ నడిపే ఆంటోయిన్ జోన్స్ డ్రగ్స్ అమ్ముతున్నాడని 2004లో పోలీసులకు అనుమానం వచ్చింది. అతడు నడిపే జీపుకు జీపీఎస్ పెట్టుకోమని 2005లో జడ్జి వారెంటు ఇచ్చారు. పది రోజుల్లోగా, వాషింగ్టన్ పరిధిలోనే పెట్టాలన్నది షరతు. వాళ్లేమో పదకొండో రోజున, పక్కనున్న మేరీలాండ్‌లో ఒక పార్కింగ్ స్థలంలో బండి అడుగున బిగించి వచ్చారు. మధ్యలో బ్యాటరీ అయిపోవస్తే మళ్లీ వెళ్లి మార్చారు. 28 రోజుల్లో పోగుపడిన వివరాలు రెండు వేల పేజీలు దాటాయి. షరతులు తప్పామని ఒప్పుకున్న ప్రభుత్వం, అసలు వారెంటే అక్కర్లేదని కోర్టులో వాదించడం విడ్డూరం. 2012 జనవరి 23న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఆ వాదనను కొట్టేశారు. ఇలా బండికి జీపీఎస్ పెట్టి వెంటాడటం సోదా కిందికే వస్తుందన్నారు.

2018లో అదే కోర్టు మరో కేసులో, సెల్ టవర్ల రికార్డులతో ఒక మనిషి 127 రోజుల కదలికలను వారెంటు లేకుండా రాబట్టడాన్ని తప్పుపట్టింది. బాంబు బెదిరింపులు, కాల్పులు, పిల్లల అపహరణ లాంటి అత్యవసరాలకు మాత్రం మినహాయింపు ఉంటుందని ఆ తీర్పులోనే చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు. కాలిఫోర్నియా చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. అత్యవసరమని ఎలక్ట్రానిక్ సమాచారం తీసుకున్న పోలీసులు మూడు కోర్టు పనిదినాల్లోగా జడ్జికి దరఖాస్తు పెట్టాలి. ముందు పరుగెత్తు, తర్వాత వచ్చి సంజాయిషీ చెప్పు అన్నమాట.

మన దగ్గర బండి కిందికి దూరే శ్రమ కూడా లేదు. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే క్యాబ్‌లు, బస్సులకు లొకేషన్ పరికరం, పానిక్ బటన్ తప్పనిసరి చేశారు. ఆడపిల్లల రక్షణ కోసం పెట్టిన ఆ ఏర్పాటును మేం తప్పుపట్టం. అయితే ఆపదలో బటన్ నొక్కినవాళ్ల కోసం వెతకడం ఒకటి, ఎవరి మీదో కన్నేసి వాళ్ల బండిని వారాల తరబడి చూస్తూ కూర్చోవడం మరొకటి. పరికరం రెంటికీ పనికొస్తుంది, చిక్కంతా అక్కడే.

వారెంటు తెచ్చేంత టైం లేదని ఇల్లు సోదా చేయాల్సివస్తే, దర్యాప్తు అధికారి ముందుగా కారణాలు కాగితం మీద పెట్టాలి. ఆ కాపీని 48 గంటల్లోగా మెజిస్ట్రేటుకు పంపాలి. పోలీసు దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షన్ చెప్పేది ఇదే. బండిని వెంటాడటానికి ఇలాంటి నియమం విడిగా లేదు. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ పంచుకోవాలన్న బెయిలు షరతునే 2024 జులైలో మన సుప్రీంకోర్టు కొట్టేసింది. నిందితుడి ప్రతి కదలికనూ కనిపెట్టి ఉండటం జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమంది. కేసులో ఇరుక్కున్నవాడికే ఆ రక్షణ ఉన్నప్పుడు ఏ కేసూ లేనివాడి మాటేమిటి?

కాగితాల పని పెరిగితే దొంగలు తప్పించుకుంటారని పోలీసు అధికారులు అనొచ్చు. దొంగ దొరికాకో, తప్పించుకున్నాకో రాసే కాగితం వల్ల ఎవరు తప్పించుకుంటారో మాకు అర్థం కావడం లేదు. 185వ సెక్షన్‌లోని ఆ 48 గంటల నిబంధననే బండి జీపీఎస్‌కూ వర్తింపజేయాలి. మెజిస్ట్రేటు కాదంటే ఆ వివరాలు చెరిపేయాలి. వెంటాడటం ముగిశాక బండి యజమానికి తెలియజేయాలి. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ట్రాకింగ్ ఆగిన పది రోజుల్లోగా సదరు వ్యక్తికి వారెంటు కాపీ అందాలి, జడ్జి వాయిదా వేస్తే తప్ప. మన క్యాబ్ డ్రైవరుకైతే తన బండి ఎవరి స్క్రీన్ మీద ఎన్నాళ్లు తిరిగిందో చెప్పే చీటీ ముక్క కూడా రాదు.