టమాటా మొక్క అరవలేదు

వాట్సాప్‌లో తిరుగుతున్న ఫార్వర్డ్ చెప్పేది ఇదీ: మొక్కను కోస్తే నొప్పితో అరుస్తుంది, శాస్త్రవేత్తలు రికార్డు కూడా చేశారు. మన మెదడులో కబుర్లు మోసే గ్లుటమేట్ అనే రసాయనమే దానిలోనూ ఉంది. దెబ్బ దానికి తెలుస్తుంది, ఆ బాధతో ఎదగడం కూడా మానేస్తుంది. కింద ఒక ఆడియో క్లిప్.

ముందు ఆ క్లిప్ సంగతి. 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు టమాటా, పొగాకు మొక్కల శబ్దాలు రికార్డు చేసిన మాట నిజమే. నీళ్లు లేక వాడుతున్న మొక్క గంటకు 30–50 సార్లు టిక్కుమంది. అదీ 40–80 కిలోహెర్ట్జ్‌లో. మన చెవికి 20 దాటితే వినపడదు కాబట్టి, క్లిప్‌లో ఉన్నది మనకోసం కిందికి దించిన శబ్దం. నీళ్లు మోసే దారునాళాల్లో గాలి బుడగలు ఏర్పడటమే దీనికి కారణం కావచ్చని వాళ్లే అన్నారు. ఆరుతున్న కలపలోంచీ ఇలాంటి టిక్కులు వస్తాయి.

గ్లుటమేట్ గురించి రెండు ముక్కలు చాలు. గొంగళిపురుగు ఆకు కొరికితే అక్కడ గ్లుటమేట్ ఊరుతుందనీ, దాంతో లేచిన కాల్షియం అల సెకనుకు సుమారు మిల్లీమీటరు చొప్పున మిగతా ఆకులకు పాకుతుందనీ 2018లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సైమన్ గిల్‌రాయ్ బృందం చూపించింది. అందమైన ప్రయోగం. కానీ గ్లుటమేట్ ఉంటే మెదడున్నట్టే అయితే, గ్లుటమేట్ ఉప్పే అయిన అజినొమోటో ప్యాకెట్‌కీ ఉండాలి!

ఇక దెబ్బ తెలుస్తుందా? తెలుస్తుంది. ఫార్వర్డ్‌లో పనికొచ్చే మాట ఇదొక్కటే. బోట్రైటిస్ లాంటి కుళ్లు శిలీంధ్రం తన ఎంజైముతో కణకవచంలోని పెక్టిన్ అనే చక్కెర గొలుసును తెంపుతుంది. ఆ ముక్క 10–15 చక్కెర అణువుల పొడవుంటే కణానికి అది గట్టి ప్రమాద సంకేతం. మరీ చిన్నదైతే పెద్దగా పట్టించుకోదు. అందుకని మొక్క కణకవచంలోనే ఒక ప్రోటీన్‌ను ఉంచుతుంది. అది ఆ ఎంజైమును పట్టుకుని నెమ్మదిగా కోసేలా చేస్తుంది, ముక్కలు పొడుగ్గా మిగులుతాయి. దొంగ చేతే దండోరా వేయించడమన్నమాట. ఆ వెంటనే కణంలోకి కాల్షియం వస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది, రక్షణ జన్యువులు మేల్కొంటాయి. కబురు ఆకు నుంచి ఆకుకు పాకినా, ఇది ఏ కణానికా కణం చేసుకునే పని. కబురందుకుని బాధపడే కేంద్రం ఎక్కడా లేదు.

బాధతో ఎదుగుదల ఆగడం? ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, కణకవచానికి బలమిచ్చే సెల్యులోజ్ సరిగా తయారుకాని రకం మొలకలు చీకట్లో పొట్టిగా ఉండిపోతాయి. కవచం బలహీనం కాబట్టే అనిపిస్తుంది. 2007లో వాటిలో థీసియస్1 అనే గ్రాహకాన్ని (సంకేతాలు పట్టే ప్రోటీన్‌ను) పనిచేయకుండా చేసి చూశారు. సెల్యులోజ్ లోటు అలాగే ఉంది, మొలకలు మాత్రం మరికాస్త పొడుగు సాగాయి. బ్రేకు వేసింది దిగులు కాదు, బలహీనత ఒక్కటే కూడా కాదు, కణం పైపొరలో ఉన్న ఆ ప్రోటీను కూడా.