రంగు గీత దాటితే దాటనివ్వండి

మన సంఘం పిల్లలకు పెట్టే చిత్రలేఖనం పోటీలో 'సముద్రతీరం' అంటే ఏ బొమ్మ వస్తుందో మనందరికీ తెలుసు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, వాలిన కొబ్బరిచెట్టు. చెన్నై మెరీనా తీరాన్ని చూస్తూ పెరిగే పిల్లలు అక్కడ లేని కొండలు ఎందుకు వేస్తున్నారు? గీత దాటకుండా రంగు నింపిన బొమ్మకే మనం బహుమతి ఇస్తున్నాం కాబట్టి.

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ పట్టణం మీద ఫ్రెంచి చిత్రకారుడు రావుల్ డ్యూఫీ (1877–1953) వేసిన బొమ్మలు ఆ పిల్లలకు చూపించండి. తెరిచిన కిటికీ, ఈతచెట్లు, వంపు తిరిగిన తీరం, గది లోపలిదాకా వచ్చేసే నీలం. గీత ఒక దారిన పోతుంది, రంగు ఇంకో దారిన పోతుంది. కదిలే మనిషి ఆకారం కన్నా ఒంటిమీది రంగే కంటికి ఎక్కువసేపు ఆనుతుందని ఆయన గట్టి నమ్మకం. మచిలీపట్నం అద్దకం దుప్పటి ఇంట్లో ఉంటే దగ్గర పెట్టుకుని చూడండి. అందులోనూ గీతకో అచ్చు, రంగుకో అచ్చు. పువ్వు ఎరుపు గీతకు కాస్త పక్కకు జరిగిన చోట ఆ పువ్వుకు ప్రాణం వస్తుంది. డ్యూఫీ కూడా 1912 నుంచి చాలా ఏళ్లు లియోన్ పట్టు కంపెనీకి డిజైన్లు వేసినవాడే.

ఆయనవి ఉత్త అలంకారం బొమ్మలని, లోతు లేదని పెదవి విరిచినవాళ్లున్నారు. నేనొప్పుకోను. కీళ్లవాతంతో చేతులు బిగుసుకుపోయి, 1950లో వైద్యం కోసం బోస్టన్ దాకా వెళ్లిన మనిషి ఆయన. అయినా కుంచె వదల్లేదు, రంగు తగ్గించలేదు. ఆయన తన బొమ్మల్లో వేసిన, నీస్‌లో సముద్రం మీద కట్టిన కాసినో మేడను 1944లో జర్మన్ సైన్యం లోహం కోసం విప్పేసింది. ఆ బొమ్మల్లో అది ఇంకా ఎండలో మెరుస్తూనే ఉంది.

మరి మన మెరీనా? మిట్టమధ్యాహ్నం నొచ్చికుప్పం జాలరిపేట దగ్గర నిలబడితే నీలం, ఆకుపచ్చ ఫైబర్ పడవలు, ఎర్ర ప్లాస్టిక్ బుట్టలు, తుపాకీతో పేల్చే బెలూన్ల పలకలు. సుండల్ (శనగల గుగ్గిళ్లు) అమ్మే ఆవిడ గొడుగు ఏ రంగో చూడకుండా సముద్రం ఎలా వేస్తారు?

ఈసారి పోటీ హాల్లో వద్దు. పిల్లల్ని పొద్దున్నే ఇసుకలో కూర్చోబెడదాం. ముందు రంగులిచ్చి, పెన్సిళ్లు ఆఖర్న ఇద్దాం. న్యాయనిర్ణేతల్ని, 1966లో కె.సి.ఎస్. పణికర్ మొదలుపెట్టిన చోళమండలం కళాకారుల గ్రామం నుంచి పిలుద్దాం. తల్లిదండ్రులు మాత్రం వెనక నిలబడి "గీత దాటకు" అనకూడదు.